ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే: ఖాళీ చేయడం, దాచడం, సరిచూసుకోవడం ఎలా?

లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్ళవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు ఎటు తిప్పి చూసినా మూడే. తూటాలన్నీ తీసేశానని ఎలా నిర్ధారించుకోవాలి, పిల్లలున్న ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలి, శుభ్రం చేసేటప్పుడు పేలకుండా ఏ జాగ్రత్త తీసుకోవాలి? సైన్యంలో హవల్దారుగా పనిచేసి వచ్చాక, బ్యాంకు కాపలా ఉద్యోగం కోసం 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల, తుపాకీకి లైసెన్సు తీసుకుని, పదకొండేళ్ళపాటు రోజూ దాన్ని ఇంటి నుంచి తీసుకువెళ్ళి, రోజూ ఇంటికి తెచ్చుకున్నవాణ్ణి నేను. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పిందే చెప్పడం కంటే, ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమంలో ఒకచోట రాసి ఉంచడం మేలనిపించింది. మీ ఆయుధం తయారీదారు ఇచ్చిన పుస్తకం మీ దగ్గరుంటే దానిని కూడా పక్కన పెట్టుకుని చదవండి, ఎందుకంటే సేఫ్టీ క్యాచ్, అంటే ట్రిగ్గర్‌ను ఆపే మీట, ఎటు జరపాలన్నది ఒక్కో నమూనాకు ఒక్కో రకంగా ఉంటుంది.

ఇది లైసెన్సు ఉన్న ఆయుధాలకే వర్తిస్తుంది. అడవి పందుల బెడదకని చాటుమాటుగా ఉంచుకునే నాటు తుపాకీని ఇంట్లో సురక్షితంగా ఉంచే పద్ధతి ఏదీ లేదు. దాని గొట్టం ఏ ఇనుముతో చేసిందో, ఎన్నోసారికి పగులుతుందో చేసినవాడికే తెలియదు. అటువంటిది ఉంటే న్యాయవాదిని సంప్రదించి పోలీసులకు అప్పగించే దారి చూసుకోండి.

కావలసినవి

- గోడకో నేలకో బోల్టులతో బిగించిన, తాళం ఉన్న ఇనుప పెట్టె. బీరువాలోని లాకరు పిస్తోలుకు, రివాల్వర్‌కు సరిపోతుంది. పొడవు తుపాకీకి వేరే పెట్టె చేయించుకోవాలి.
- తూటాల కోసం వేరే చిన్న పెట్టె. దాని తాళంచెవి మొదటి పెట్టెకు పట్టకూడదు.
- ట్రిగ్గర్ లాక్ గాని, గొట్టంలోంచి దూర్చి వేసే కేబుల్ లాక్ గాని.
- ఇసుక గట్టిగా కూరి నింపిన, లోతైన డ్రమ్ము ఒకటి. దీని పని మొదటి అంచెలోనే తెలుస్తుంది.
- మీ బోరుకు సరిపోయే డమ్మీ తూటాలు రెండు. ఆయుధాల దుకాణంలో స్నాప్ క్యాప్ అని అడిగితే ఇస్తారు.
- శుభ్రం చేసే కడ్డీ, ఉతికిన పాత పంచె ముక్కలు, గన్ ఆయిల్, చిన్న టార్చి.
- ఒక నోటు పుస్తకం.

1. ముందు మూతి ఎటు ఉందో చూడండి

తుపాకీని చేతిలోకి తీసుకోకముందే దాని మూతి ఎటు తిరిగి ఉంటుందో నిర్ణయించుకోవాలి. ఆరుబయట సైనికుల శిబిరంలో మట్టిదిబ్బ ఉంటుంది కాబట్టి అటు తిప్పుతాం. ఇంట్లో మట్టిదిబ్బ ఉండదు. పైకి తిప్పితే పై అంతస్తు, కిందికి తిప్పితే గచ్చు మీద తగిలి ఎటు ఎగురుతుందో తెలియని గుళ్ళు, పక్కకు తిప్పితే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, దాని వెనక ఎవరో ఒకరు ఉంటారు. అందుకే ఇసుక డ్రమ్ము. ఒక గది మూలలో, వీలైతే బయటి గోడ వైపు దాన్ని శాశ్వతంగా ఉంచి, తుపాకీని ఖాళీ చేసినా నింపినా దాని ముందే చేయండి. మంచం మీద కూర్చుని, సోఫాలో కూర్చుని ఈ పని చేయకండి, ఎందుకంటే కూర్చున్నప్పుడు మూతి తెలియకుండానే మీ పాదాల మీదికో ఎదుటి మనిషి మోకాళ్ళ మీదికో వాలుతుంది.

2. వేలు ట్రిగ్గర్ గార్డు బయట

ఇది అందరికీ తెలుసు, అందరూ మరిచిపోతారు. తుపాకీని పట్టుకున్న చేతి చూపుడువేలు గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) పైన, చెక్క పొడవునా చాచి ఉండాలి. జారిపోతున్న తుపాకీని పట్టుకోబోయినప్పుడు వేళ్ళన్నీ ఒక్కసారిగా ముడుచుకుంటాయి. గార్డు లోపల వేలు ఉంటే ఆ ముడుచుకోవడమే పేల్చడం అవుతుంది.

3. ఖాళీ చేయడం

అసలు విషయమంతా ఈ అంచెలోనే ఉంది కాబట్టి దీనిని నిదానంగా చెబుతాను.

డబుల్ బ్యారెల్ తుపాకీ అయితే, మూతిని ఇసుక వైపు ఉంచి, సేఫ్టీ వేసి ఉందని చూసి, టాప్ లీవర్‌ను బొటనవేలితో పక్కకు తోసి గొట్టాలను వంచండి. ఎక్స్‌ట్రాక్టర్ తూటాల అంచులను కొద్దిగా పైకి లేపుతుంది. కుడివైపు తూటాను తీసి బల్ల మీద ఇత్తడి అడుగు కిందికి వచ్చేటట్టు నిలబెట్టండి. ఎడమవైపుది తీసి దాని పక్కన నిలబెట్టండి. జేబులో వేసుకోవద్దు. బల్ల మీద రెండు తూటాలు పక్కపక్కన నిలబడి కనబడాలి. తరువాత రెండు చాంబర్లలోనూ, అంటే తూటాలు కూర్చునే చోట్ల, చిటికెనవేలు పెట్టి తడిమి చూడండి. చివరగా గొట్టాల్లోంచి వెలుతురు వైపు చూడండి. రెండు గుండ్రటి వెలుగులు కనబడితేనే తుపాకీ ఖాళీ అయినట్టు.

ఈ మూడు పరీక్షలూ ఎందుకని అడిగేవారికి నా సంగతి చెప్పాలి. బ్యాంకులో చేరిన రెండో ఏడు, శ్రావణమాసం ముసురు. తడికి ఉబ్బిన తూటా ఎడమ చాంబర్లో బిగుసుకుంది. కుడివైపుది తీసి చేతిలో పట్టుకున్నాను, ఇంతలో ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి చేతిలో ఒక తూటా ఉంది, జేబు తడిమితే ఇంకొకటి తగిలింది. ఆ రెండోది పొద్దున అదనంగా వేసుకున్నదని అప్పుడు తట్టలేదు. రెండూ తీశాననుకుని తుపాకీ మూసి, లోపల బిగిసి ఉన్న స్ప్రింగులు వదులు చేద్దామని రెండు ట్రిగ్గర్లూ నొక్కాను. మూతి గోడ మూలన ఉన్న సోనా మసూరి బస్తా వైపు ఉంది. గుళ్ళు బస్తాను చీల్చి వెనక గోడ సున్నం రాల్చాయి. బియ్యం సన్నటి ధారగా గచ్చు మీదికి కారుతూనే ఉంది. మా ఆవిడ వంటింట్లో ఉంది, వంటింటి తలుపు ఆ బస్తాకు నాలుగడుగుల దూరం. సీసం కలిసిన ఆ బియ్యాన్ని కోళ్ళకు కూడా వేయకుండా గొయ్యి తీసి పూడ్చాము. మరునాడు బస్తా ఉన్న చోటే ఇసుక డ్రమ్ము పెట్టాను.

సైన్యంలో ‘జాంచ్ శస్త్ర్’ అని ఆజ్ఞ రాగానే ఆయుధం తెరిచి చూపించేవాళ్ళం, అధికారి కళ్ళతో చూసేవాడు. ఇంట్లో ఆ రెండో జత కళ్ళు ఉండవు కాబట్టి కన్ను, వేలు, వెలుతురు అనే మూడు పరీక్షలతో ఆ లోటు తీర్చుకోవాలి. మధ్యలో ఫోను మోగినా, ఎవరైనా పిలిచినా, ఆపి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టండి. ఆపిన చోటు నుంచి కొనసాగించడం ఈ పనికి పనికిరాదు.

పిస్తోలు అయితే క్రమం తప్పకూడదు. ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసి పక్కన పెట్టాలి, తరువాత స్లైడ్‌ను (వెనక్కి జరిగే పైభాగాన్ని) పూర్తిగా వెనక్కి లాగి చాంబర్లోని తూటా బయటపడనివ్వాలి, ఆ తరువాత స్లైడ్‌ను వెనకే నిలిపి చాంబర్లోకి టార్చి వేసి చూడాలి, చిటికెనవేలితో తడమాలి. క్రమం తలకిందులైతే, అంటే మ్యాగజైన్ ఉండగానే స్లైడ్ లాగితే, పాత తూటా బయటికి వచ్చి కొత్త తూటా లోపలికి పోతుంది. అప్పుడు మ్యాగజైన్ తీసినా చాంబర్లో ఒకటి మిగిలే ఉంటుంది. ‘మ్యాగజైన్ తీశానండీ, ఖాళీయే’ అన్న మాట పిస్తోలు ప్రమాదాల కథల్లో దాదాపు ప్రతిసారీ వినబడుతుంది.

రివాల్వర్ అయితే, మధ్యలో వంగే పాత రకమైనా, సిలిండర్ పక్కకు వచ్చే రకమైనా, తెరిచి తూటాలు బయటికి తోసి, సిలిండర్ గదుల్లోంచి వెలుతురు చూసి లెక్కపెట్టండి. ఆరు గదులుంటే ఆరు వెలుగులు కనబడాలి. మీది పాతకాలపు రివాల్వర్ అయితే మరొక జాగ్రత్త ఉంది. వాటిలో కొన్నింటికి కింద పడినప్పుడు హ్యామర్‌ను, అంటే తూటాను పేల్చే సుత్తిని, అడ్డుకునే ఏర్పాటు ఉండదు, లేదా అరిగిపోయి ఉంటుంది, కాబట్టి హ్యామర్ మీద దెబ్బ తగిలితే చాలు, పేలుతుంది. 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున ముంబయిలో హిందీ నటుడు గోవిందా ప్రయాణానికి బయలుదేరుతూ తన లైసెన్సు రివాల్వర్‌ను అలమారాలో పెడుతుండగా అది జారిపడి పేలింది, తూటా ఆయన కాలిలో దిగింది. ఇంట్లో పెట్టేటప్పుడు సిలిండర్ పూర్తిగా ఖాళీ చేయడమే దీనికి మందు. ఉద్యోగరీత్యా నింపి వెంట ఉంచుకోవలసివస్తే హ్యామర్ కింది గదిని ఖాళీగా వదలడం పాతవారి పద్ధతి, అది మంచి పద్ధతి కూడా.

సేఫ్టీ క్యాచ్ వేసి ఉంది కదా అని ఈ అంచెలో ఏదీ వదిలిపెట్టకండి. చాలా డబుల్ బ్యారెల్ తుపాకుల్లో అది ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, లోపల బిగిసి ఉన్న హ్యామర్‌ను కాదు.

4. మూడు ముక్కలు చేసి దాచడం

డబుల్ బ్యారెల్ తుపాకీకి ఒక సౌలభ్యం ఉంది. ముందరి చెక్కను, అంటే ఫోరెండ్‌ను, ఊడదీస్తే గొట్టాలు ఒకటిగా, బట్టు ఒకటిగా విడివడతాయి. ఇలా మూడు ముక్కలుగా పెట్టెలో పెట్టిన తుపాకీ ఎవరి చేతికి చిక్కినా వెంటనే పేలదు. నేను గొట్టాలను ఇనుప పెట్టెలో, ఫోరెండ్‌ను బట్టల బీరువా లాకరులో ఉంచేవాణ్ణి. స్ప్రింగులు వదులు చేయాలనుకుంటే, విడదీయడానికి ముందు మూడు పరీక్షలూ మరోసారి చేసి, రెండు చాంబర్లలోనూ డమ్మీ తూటాలు పెట్టి, మూతి ఇసుక వైపు ఉంచి నొక్కండి. డమ్మీలు అసలు తూటాల రంగులో ఉంటే కొనకండి.

పిస్తోలు, రివాల్వర్ విడదీయడం ఇంటి పని కాదు. వాటికి కేబుల్ లాక్ వేసి లాకరులో పెట్టండి. ట్రిగ్గర్ లాక్‌ను నింపి ఉన్న ఆయుధానికి ఎన్నడూ బిగించకండి, బిగించేటప్పుడు దాని పుల్లే ట్రిగ్గర్‌ను నొక్కవచ్చు.

దాచడం వేరు, తాళం వేయడం వేరు. దిండు కింద, అటక మీద, బీరువాలో పట్టుచీరల మడతల్లో, బియ్యం డబ్బా వెనక పెట్టిన ఆయుధం దాచినట్టు మీరు అనుకుంటారు. పండగకు దాచిన అరిసెల డబ్బా ఎక్కడుందో కనిపెట్టిన పిల్లలకు ఇది ఎక్కడుందో తెలియదా?

5. తూటాలు, తాళంచెవులు

తూటాలు వేరే పెట్టెలో, వీలైతే వేరే గదిలో ఉండాలి. వాటిని కొన్న అట్టపెట్టెలోనే ఉంచండి, ఎందుకంటే బోరు, గుళ్ళ సైజు దాని మీదే ఉంటాయి. ఇంట్లో 12 బోర్, 20 బోర్ రెండూ ఉంటే రెండింటి తూటాలు ఒకే గదిలో కూడా ఉండకూడదు. 20 బోర్ తూటా సన్నగా ఉండి 12 బోర్ చాంబర్లోంచి ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది, చాంబర్ మాత్రం ఖాళీగా కనబడుతుంది. దాని వెనక 12 బోర్ తూటా పెట్టి పేలిస్తే గొట్టం ఎడమచేతి దగ్గర పగులుతుంది. ఉబ్బినవి, పచ్చగా చిలుము పట్టినవి, అంచు వంగినవి పక్కన పెట్టి దుకాణంలో అప్పగించండి. చెత్తలో గాని, పొయ్యిలో గాని వేయవద్దు.

తాళంచెవి లైసెన్సుదారు దగ్గరే ఉండాలి. పూజగది మేకుకు తగిలించిన గుత్తిలో ఉన్న తాళంచెవి తాళం లేనట్టే లెక్క. అంకెల తాళమైతే పుట్టినతేదీలు, పెళ్ళిరోజు, బండి నంబరు పెట్టకండి.

6. శుభ్రం చేయడం

‘శుభ్రం చేస్తుండగా పేలింది’ అని వార్తల్లో చదువుతుంటాం. అమెరికాలో చదువుకుంటున్న మన కుర్రవాడొకరు ఇలాగే మరణించిన వార్త 2024లో వచ్చింది. చాంబర్లో తూటా లేని తుపాకీని ఎంత రుద్దినా పేలదు కాబట్టి, శుభ్రం చేయడం మూడో అంచె పూర్తయ్యాకే మొదలవుతుంది. వరస ఇది: తూటాల పెట్టెకు తాళం వేసి అది ఉన్న గదిలోంచి బయటికి రండి, మూడు పరీక్షలు మళ్ళీ చేయండి, తుపాకీని విడదీయండి, అప్పుడు గుడ్డ ముట్టుకోండి.

కడ్డీని చాంబర్ వైపు నుంచి దూర్చి మూతి వైపు తోయండి. పొడి గుడ్డ, నూనె గుడ్డ, మళ్ళీ పొడి గుడ్డ, ఆఖరున పలుచగా నూనె పూత. కొబ్బరినూనె, వంటనూనె వాడకండి, అవి కొన్నాళ్ళకు జిగురు కట్టి లోపలి భాగాలను పట్టేస్తాయి. తోలు తొడుగులో పెట్టి నెలల తరబడి వదిలేయడం మనవాళ్ళు గౌరవంగా చేసే తప్పు. తోలు తేమ పీలుస్తుంది, ఆ తేమ ఇనుమును తినేస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్ళలో పదిహేను రోజులకొకసారైనా తీసి తుడవాలి.

చాలాకాలం తీయని తుపాకీ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కడుతుంది. నేను ఒక దొడ్డిగదిలోని సింగిల్ బ్యారెల్ గొట్టంలోంచి బొటనవేలంత గూడు కడ్డీతో తోసి తీశాను, యజమానికి దాని సంగతే తెలియదు. అడ్డున్న గొట్టంలో తూటా పేలిస్తే గొట్టమే చీలుతుంది. విడదీసిన గొట్టంలోంచి వెలుతురు చూడడం ఇందుకు కూడా అవసరం.

7. చేతులు మారేటప్పుడు

చూస్తాను, ఒకసారి ఇవ్వమని అడిగే బంధువులు ఉంటారు. ఇవ్వకపోవడం మంచిది. మీ లైసెన్సు మీకే, మీ బావమరిదికి కాదు. రిపేరు కోసం దుకాణదారుకు ఇచ్చేటప్పుడు మాత్రం గొట్టాలు వంచి, తెరిచి, ఖాళీ చాంబర్లు ఆయనకు చూపించి ఇవ్వండి. తిరిగి తీసుకునేటప్పుడు ఆయన ఎదుటే మళ్ళీ మీరు పరీక్షించండి. ‘ఇప్పుడే కదా ఆయన చూశాడు’ అని మొహమాటపడకండి. ఆయుధం తెలిసిన మనిషి ఎవరూ దీన్ని అవమానంగా తీసుకోరు.

తుపాకి రాముడి వేషం ఊళ్ళో నవ్వు పుట్టించేది అతని చేతిలోది కట్టె తుపాకీ కాబట్టి. అతిథుల ఎదుట అసలు తుపాకీ తీసి ఊర్లో దొంగల్ని తరిమిన కథలు చెప్పేవారికి ఆ వెసులుబాటు లేదు. పెళ్ళి ఊరేగింపులో గాలిలోకి పేల్చడం సంగతి చట్టమే తేల్చింది. 2019 సవరణ తరువాత ఆయుధాల చట్టం ప్రకారం దానికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఆయుధ పూజ నాడు తుపాకీని పీట మీద పెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పెట్టండి, కాని గొట్టాలు వంచి, చాంబర్లు అందరికీ కనబడేటట్టు పెట్టండి, తూటాలను పూజకు తేకండి. పసుపు, కుంకుమ నీళ్ళు ఇనుముకు తగలకుండా బట్టుకు కట్టిన దారానికి బొట్టు పెట్టండి. పూజ అయ్యేవరకు లైసెన్సుదారు ఆ గదిలోంచి కదలకూడదు. హారతి పళ్ళెం పట్టుకుని అందరూ ఇల్లంతా తిరిగే ఆ పది నిమిషాల్లోనే పిల్లలు పీట దగ్గర చేరతారు.

8. పిల్లలకు చెప్పవలసింది

నాలుగు మాటలు చాలు: ఆగు, ముట్టుకోకు, అక్కడి నుంచి వెళ్ళిపో, పెద్దవాళ్ళకు చెప్పు. అమెరికాలో చిన్నపిల్లలకు ఇవే నేర్పుతారు. వారానికొకసారి ఆటలాగా అడిగి చెప్పించుకోండి. అయితే చెప్పామన్న ధీమాతో తాళం సడలించకండి. అడిగినప్పుడు ఒప్పజెప్పిన పిల్లవాడే, ఒంటరిగా ఉన్నప్పుడు వేరే పిల్లవాడవుతాడు.

కోతుల కోసం కొన్న ఎయిర్ గన్‌ను బొమ్మగా చూడకండి. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ళ శక్తి దాటనిదానికి లైసెన్సు అక్కరలేదన్నంత మాత్రాన దాని పెల్లెట్ కంటిని వదలదు. దానికీ పై నియమాలన్నీ వర్తిస్తాయి. గొట్టం వంచి నింపే రకాన్ని నింపేటప్పుడు మరో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే అది విదిలించుకుని వేళ్ళను నలగ్గొడుతుంది.

తప్పులు ఎక్కడ జరుగుతాయి, ఎలా పట్టుకోవాలి

నెలకొకసారి, ఒక తేదీ పెట్టుకుని ఈ పరీక్షలు చేసి నోటు పుస్తకంలో రాయండి.

తూటాలు లెక్కపెట్టండి. పుస్తకంలోని అంకెతో, కొన్న రసీదులతో సరిపోవాలి. ఒక్కటి తగ్గినా అది ఎక్కడుందో తేలేవరకు ఆ రోజు వేరే పని పెట్టుకోవద్దు. పాత యూనిఫాం జేబులు, బండి డిక్కీ, ప్రయాణాల సంచీ ముందుగా వెతకండి.

ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరిని విడిగా అడగండి: తాళంచెవి ఎక్కడుంటుంది? ఎవరైనా సరిగ్గా చెప్పగలిగితే చోటు మార్చండి. అంకెల తాళమైతే అంకెలు మార్చండి.

పెట్టెను లాగి చూడండి. బోల్టులు వదులైతే దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. ఆయుధం పోయినా, దొంగిలించబడినా వెంటనే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు చేయాలి. రేపు చూద్దామనుకుంటే దానితో జరిగే ప్రతిదానికీ ముందు మిమ్మల్నే అడుగుతారు.

ఖాళీ చేసే క్రమాన్ని డమ్మీలతో, భార్యో భర్తో చూస్తుండగా చేసి చూపించండి. వాళ్ళకు ఒకే పని చెప్పండి, మూతి ఎప్పుడైనా ఇసుక డ్రమ్మును వదిలితే ఆపమనండి. నన్ను మొదటిసారి నాలుగు చోట్ల ఆపారు.

ఒకవేళ ప్రమాదమే జరిగితే, ముందు ఆయుధాన్ని ఇంకెవరూ ముట్టుకోకుండా చూసి, గాయం మీద శుభ్రమైన గుడ్డ మడత పెట్టి గట్టిగా అదిమి పట్టి, 108కి ఫోను చేయండి. రక్తం తగ్గిందా అని గుడ్డ ఎత్తి ఎత్తి చూడకండి, తూటాను కెలకకండి. పోలీసులకు 112.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు

టెక్సాస్‌లో ఇల్లు కొన్నవాళ్ళు తుపాకీ కూడా కొంటున్నారు కాబట్టి రెండు మాటలు. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి తుపాకీని కాసేపు చేతిలోకి తీసుకోవడం కూడా చిక్కు తేవచ్చు, కాబట్టి తుపాకీ సాధన చేసే రేంజికి వెళ్ళే ముందే మీ పరిస్థితి న్యాయవాదిని అడిగి తెలుసుకోండి.

అక్కడి ఇళ్ళ లోపలి గోడలు జిప్సం పలకలు, తూటాను అవి ఆపవు. పసిపిల్లలు పడుకునేది పక్క గదిలోనే. టెక్సాస్ చట్టం ప్రకారం 17 ఏళ్ళలోపు పిల్లలకు నింపిన తుపాకీ అందేటట్టు వదిలేయడం నేరం. మీ ఇంట్లో తుపాకీ లేకపోయినా, పిల్లలు ఆడుకోవడానికి వెళ్ళే ఇంటివాళ్ళను ‘మీ ఇంట్లో తాళం వేయని తుపాకీ ఏమైనా ఉందా’ అని అడగండి. వేరుశనగ పడదని ముందే చెబుతాం కదా, ఇది కూడా అదే స్వరంతో అడగవచ్చు.

తుపాకీ ఇల్లు దాటవలసిన రోజులు

కొన్ని పరిస్థితుల్లో ఎంత మంచి తాళమైనా చాలదు. ఇంట్లో ఒకరు తీవ్రమైన దిగులులో ఉన్నప్పుడు, అప్పుల ఒత్తిడిలో ఉన్నప్పుడు, తాగుడు పెరిగినప్పుడు, భార్యాభర్తల తగవు ముదిరినప్పుడు ఆయుధాన్ని ఆ ఇంటి నుంచే తీసేయాలి. లైసెన్సుదారు మీరే అయి ఆ దిగులు మీదే అయినా ఇదే చేయాలి. లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో భద్రత కోసం ఉంచవచ్చు, పోలీసు స్టేషన్లోనూ అడగవచ్చు. మాట్లాడడానికి మనిషి కావాలంటే టెలి మానస్ 14416కి తెలుగులోనే ఫోను చేయవచ్చు. అమెరికాలో 988.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు డిపాజిట్ చేయమని నోటీసు వస్తే, గడువు చివరి రోజు హడావిడిగా బైకు ట్యాంకు మీద అడ్డంగా పెట్టుకుని వెళ్ళకండి. ముందురోజే ఖాళీ చేసి, కేసులో పెట్టి, తూటాలు వేరే సంచిలో వేసుకుని, లైసెన్సు పుస్తకంతో వెళ్ళండి. స్టేషన్లో కేసు తెరిచే ముందు ఆయుధం ఉందని నోటితో చెప్పండి.

లైసెన్సుదారు మరణించిన ఇళ్ళది వేరే కథ. దశదినకర్మలు అయ్యాక బీరువా సర్దుతుంటే నాన్నగారి తుపాకీ బయటపడుతుంది. దాన్ని తెరవడం తెలియనివారు తెరవవద్దు, నింపే ఉందనుకుని ఆ గదికి తాళం వేసి, పోలీసు స్టేషనుకు గాని లైసెన్సున్న ఆయుధాల దుకాణానికి గాని ముందు ఫోను చేసి వాళ్ళు చెప్పినట్టు చేయండి. జ్ఞాపకంగా అట్టే పెట్టుకుంటే, ఆ లైసెన్సు నాన్నగారి పేరిటే కాబట్టి, అది అనుమతి లేని ఆయుధం అవుతుంది. ఆలస్యం చేయకుండా డిపాజిట్ చేసి, ఉంచుకోవాలనుకుంటే వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. 2019 సవరణ ప్రకారం ఒకరి పేరిట రెండుకు మించి ఆయుధాలు ఉండకూడదు, వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుంది.

డిపాజిట్ చేసినప్పుడు ఇచ్చే రసీదులో ఆయుధం రకం, బోరు, గొట్టం మీద చెక్కిన నంబరు, అప్పగించిన తూటాల సంఖ్య ఉన్నాయో లేదో కౌంటరు దగ్గర నిలబడే చదవండి. నంబరులో ఒక్క అంకె తప్పుపడినా అక్కడే దిద్దించి, దిద్దినచోట సంతకం పెట్టించుకుని బయటికి రండి.